పేలింది కాదు, పేల్చారు



గత నెలలో ఉయ్యూరు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రక్తపోటు గురించి, చక్కెర వ్యాధి గురించి నేను రాసేవి చదువుతూ ఉంటారట. ఆయన అడిగింది మాత్రం ఆ రెండింటి గురించీ కాదు. కుమారుడు అమెరికాలో, టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆత్మరక్షణకని ఈమధ్య ఒక పిస్టల్ కొన్నాడు. వీడియో కాల్‌లో మాట్లాడుతూనే దాన్ని చేత పట్టుకొని, ఎదురుగా ఉన్న టీవీకి గురిచూసి మీట నొక్కుతూ ఉంటాడు. టిక్కుమని శబ్దం వస్తుంది, అంతే. "దీన్ని డ్రై ఫైరింగ్ అంటారు నాన్నా, ఖాళీ తుపాకితో సాధన, అందరూ చేసేదే" అన్నాడట. ఒకసారి గొట్టం నేరుగా ఫోన్ వైపు తిరిగింది. తెరమీద ఆ నల్లని రంధ్రం చూసిన నాటినుంచి తల్లికి నిద్ర లేదు. "ఖాళీదే కదా డాక్టరు గారూ, ప్రమాదం ఏమన్నా ఉంటుందంటారా?"

ఆ అబ్బాయి చేస్తున్న సాధన మీద నాకు అభ్యంతరం లేదు. ఆ తండ్రి వాడిన 'ఖాళీదే కదా' అన్న మాట మీదనే ఉంది. దానికి తోబుట్టువు లాంటి మాట ఇంకొకటి ఉంది. అది మన పత్రికల్లో, పోలీసు ప్రకటనల్లో, ఆసుపత్రి రిజిస్టర్లలో స్థిరనివాసం ఏర్పరచుకొంది. ముందు దాని సంగతి చూద్దాం.

ఆ మాట 'మిస్‌ఫైర్'. "తుపాకి మిస్‌ఫైర్ అయి కానిస్టేబుల్ మృతి", "మిస్‌ఫైర్‌లో గార్డుకు గాయాలు" అనే శీర్షికలు మీరు ఎన్నిసార్లు చదివి ఉంటారో లెక్కవేసుకోండి. ఆయుధాల పరిభాషలో మిస్‌ఫైర్ అంటే మీట నొక్కినా తూటా పేలకపోవడం. నిజంగా మిస్‌ఫైర్ అయి ఉంటే ఆ కానిస్టేబుల్ బతికే ఉండేవాడు! అర్థాన్ని తలకిందులు చేసి మనం ఆ మాటను ఎందుకు ఇంత ఇష్టంగా తెచ్చుకున్నాం? అందులో కర్త లేడు కనుక. చిన్నపిల్లవాడు "గ్లాసు పగిలిందమ్మా" అంటాడు గాని "పగలగొట్టాను" అనడు. పేలు, పేల్చు అని తెలుగులో రెండు క్రియలున్నాయి. బాణసంచా పేలుతుంది, గ్యాస్ సిలిండరు పేలుతుంది. తుపాకిని మాత్రం దాదాపు ప్రతిసారీ ఒక మనిషి పేలుస్తాడు. పాతకాలపు రివాల్వర్లు కొన్ని సుత్తి భాగం మీద దెబ్బ తగిలేలా కింద పడితే పేలేమాట నిజమే. అయినా అందులో తూటాలు నింపి, జారిపోయే చోట పెట్టినవాడు ఒకడుంటాడు కదా?

ఈ విషయంలో ఇతరులను తప్పుపట్టే అర్హత నాకు పూర్తిగా లేదు. ఎందుకో చెబుతాను.

1980ల తొలి సంవత్సరాల్లో కృష్ణా డెల్టాలోని ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో నేను డ్యూటీ డాక్టరుని. దాళ్వా నూర్పిళ్ళ రోజులు. ఒక సాయంత్రం రైసు మిల్లునుంచి పందొమ్మిదేళ్ళ గుమస్తా కుర్రవాణ్ణి కారులో తీసుకువచ్చారు. బొడ్డుకు ఎడమవైపు చిటికెన వేలు పట్టేంత గాయం. పైకి రక్తం పెద్దగా లేదు, నాడి మాత్రం అందడం లేదు. రక్తస్రావమంతా లోపలే. మాకు సర్జన్ లేడు, రక్తనిధి లేదు. రెండు చేతులకూ సెలైన్ పెట్టి గుంటూరుకు పంపాను. దారిలోనే పోయాడు. వెంట వచ్చిన పెద్దమనిషి చెప్పినదేమిటంటే, రివాల్వరు శుభ్రం చేస్తూ ఉండగా మిస్‌ఫైర్ అయింది, అది ఖాళీదనే అందరూ అనుకున్నారు. మెడికో-లీగల్ రిజిస్టరులో నేను అలాగే రాశాను. 'శుభ్రపరచుచుండగా ప్రమాదవశాత్తు మిస్‌ఫైర్' అని రాశాను. వినికిడి మాట రాసేటప్పుడు డాక్టరు 'ఎలెజ్డ్' అనే పదం తప్పక చేర్చాలని వైద్య కళాశాలలో మాకు నేర్పించారు. మన తెలుగులో దాన్నే 'అట' అంటాం. పేలిందట. ఆ ఒక్క మాట నేను రాయలేదు. తొందరలో మరిచానో, కారులో వచ్చిన మనిషి హోదాకు లొంగానో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను. మీట మీద వేలు ఎవరిదో ఎవరూ అడగలేదు. మర్నాడు ఆ కుర్రవాడి తల్లి వచ్చి, నేను చూపించిన చోట వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది.

ఆ రివాల్వరు కూడా 'ఖాళీదే'.

కాలం మారింది, మాట మారలేదు. 2021లో మన విజయవాడ శివారు గొల్లపూడిలో ఒక హోంగార్డు ఇంట్లో పై అధికారికి చెందిన పిస్టల్ నుంచి వెలువడిన తూటాకు ఆ ఇంటి ఇల్లాలు మరణించింది. తెల్లవారేసరికి అందరి నోటా వచ్చినది మళ్ళీ ఆ మాటే. తరువాత ఆ మాటను పోలీసులే అనుమానించారు. నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానం, నేను కాదు. నా ప్రశ్న వేరు. శవపరీక్ష కాకముందే 'మిస్‌ఫైర్' అని మనకు చెప్పినదెవరు? సముద్రాల అవతల కూడా ఇదే కథ. 2023 మార్చిలో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఖమ్మం జిల్లాకు చెందిన విద్యార్థి ఒకడు గ్యాస్ స్టేషన్‌లో తుపాకి తూటాకు బలయ్యాడు. 2024 నవంబరులో అట్లాంటాలో మరొక తెలుగు విద్యార్థి తన పుట్టినరోజునాడే, కొత్తగా కొన్న తుపాకిని శుభ్రం చేస్తూ మరణించాడని వార్త వచ్చింది. చదువుకున్న పిల్లలు, తుపాకి అంటే సినిమాల్లో తప్ప చూడని ఇళ్ళనుంచి వెళ్ళిన పిల్లలు. వారికి ఆయుధం అమ్మిన దుకాణం ఉంది, నేర్పిన గురువు ఉన్నాడో లేడో.

ఇక డ్రై ఫైరింగ్ మాట. తూటా లేకుండా గురిచూసి మీట నొక్కే సాధన ఇది. గురి తప్పడానికి కన్ను కంటె వేలు ఎక్కువ కారణం. చప్పుడు రాబోతోందని శరీరానికి ముందే తెలుసు కనుక మీట పూర్తిగా నొక్కకముందే మణికట్టు బిగుసుకొని గొట్టం కిందికి వాలుతుంది. ఇది భయం వల్ల వచ్చే ప్రతిచర్య. చప్పుడు లేకుండా వందలసార్లు నొక్కితే ఆ ప్రతిచర్య నెమ్మదిస్తుంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచిన ఎయిర్ రైఫిల్ పోటీ అయినా, ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చిన పిస్టల్ పోటీ అయినా, అంతటి నిలకడ వెనుక ఉండేది ఇటువంటి సాధనే. 2020 లాక్‌డౌన్‌లో రేంజిలు మూతపడినప్పుడు దేశంలోని షూటర్లు ఇంటి గోడకేసి చూస్తూ దీనితోనే నెట్టుకొచ్చారు. కనుక "ఇంట్లో తుపాకి ముట్టనే కూడదు" అనే వారితో నేను ఏకీభవించను. లైసెన్సు తీసుకొని పదేళ్ళు బీరువాలో పెట్టి, ఒక రాత్రి కుక్క అరిచిందని వణికే చేతులతో తీసేవాడే అందరికంటె ప్రమాదకరమైన మనిషి.

కాని ఒక్క సంగతి గమనించండి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం రేంజిలో ఖాళీ ఆయుధంతో డ్రై ఫైరింగ్ చేయాలన్నా రేంజి అధికారి అనుమతి కావాలి, కాల్పుల గీత దగ్గరో, దానికని కేటాయించిన చోటో మాత్రమే చేయాలి. వాడనప్పుడు ప్రతి ఆయుధం గొట్టంలో కొట్టొచ్చినట్టు కనబడే రంగు తాడు ఉండాలి. ప్రపంచ విజేతల మధ్య, ఎదురుగా తూటాలను ఆపే కట్టడం ఉన్నచోట ఇన్ని కట్టుబాట్లు! ఇంట్లో రేంజి అధికారి లేడు. గోడకు అవతల పక్కింటి పాప చదువుకుంటూ ఉంటుంది. అక్కడ 'ఖాళీదే' అన్న ఒక్క మాట సరిపోతుందా?

ఖాళీ అని ఎలా తెలుస్తుంది? చాలామంది పిస్టల్‌లోంచి మ్యాగజైన్ తీసి ఖాళీ అనుకుంటారు. మ్యాగజైన్ బయటికి వచ్చినా చాంబరులో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. ప్రాణం తీసేది ఎక్కువగా అదే. కొందరికి స్లైడు లాగాలని తెలుసు, వరుస తెలియదు. ముందు స్లైడు లాగి తరువాత మ్యాగజైన్ తీస్తారు. ముందు లాగినప్పుడు పాత తూటా బయటపడి, మ్యాగజైన్‌లోని కొత్త తూటా చాంబరులోకి ఎక్కి కూర్చుంటుంది. ఆ తరువాత మ్యాగజైన్ తీసి లాభమేమిటి? ఆయన తన కళ్ళముందే తూటా కిందపడటం చూశాడు కనుక ఖాళీ అని ప్రమాణం చేసి చెబుతాడు. అబద్ధం చెప్పడం లేదు పాపం. కనుక మొదట మ్యాగజైన్, ఆ తరువాత స్లైడు, అదీ రెండుమూడుసార్లు. స్లైడు వెనక్కి లాగి నిలిపి, వెలుతురులో కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి చూడాలి. రివాల్వరైతే సిలిండరు పక్కకు తెరిచి అన్ని గదులూ లెక్కపెట్టాలి. నావంటి వయసువారికి ఒక మాట. శుక్లం ముదిరిన కన్ను ఆ చీకటి గదిలో ఇత్తడిని చూడలేదు. వేలిని నమ్మండి, వీలైతే ఇంకొక మనిషి వేలిని కూడా.

"శుభ్రం చేస్తుండగా" అనే కథలో కొంత నిజం ఎక్కడుందో కూడా చెబుతాను. గ్లాక్ వంటి కొన్ని పిస్టళ్ళను విడదీయాలంటే ముందు మీట నొక్కక తప్పదు. చాంబరు చూడకుండా ఆ పని చేసేవారి ఎడమ అరచేయి సాధారణంగా గొట్టం ముందే ఉంటుంది, లేదా తుపాకి ఒడిలో ఉంటుంది. తొడలోని పెద్ద ధమని తెగితే ప్రాణం పోవడానికి కొద్ది నిమిషాలు చాలు.

మీట మీద వేలు గురించి వైద్యుడిగా చెప్పవలసింది మరొకటి ఉంది. మన రెండు చేతులూ పూర్తిగా స్వతంత్రమైనవి కావు. ఎడమచేత్తో దేనినైనా గట్టిగా పట్టుకుంటే కుడిచేతి వేళ్ళు కూడా కొంత ముడుచుకుంటాయి. కాలు జారితే, తూలితే, వెనకనుంచి ఎవరైనా పిలిస్తే పిడికిలి దానంతటదే బిగుస్తుంది. ఇది నాడీమండలం తీరు, అభ్యాసంతో పూర్తిగా పోయేది కాదు. మీట నొక్కాలని నిశ్చయించుకున్న క్షణం దాకా వేలు గార్డు బయట, తుపాకి పక్కభాగం మీద చాచి ఉండాలి అనడానికి కారణం ఇదే.

సాధన చేసే గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. జేబులో, సొరుగులో, రెండో మ్యాగజైన్‌లో కూడా. వాటిని వేరే గదిలో పెట్టి తాళం వేయండి. రిమ్‌ఫైర్ .22 ఆయుధాలకైతే ఖాళీగా నొక్కితే సూది దెబ్బతినవచ్చు కనుక డమ్మీ తూటాలు వాడతారు. అవి అసలువాటితో కలిసిపోని రంగులో ఉన్నాయో లేదో చూడండి. గురి పెట్టే దిక్కు టీవీ కాదు, అద్దం కాదు, ఫోన్ అసలే కాదు. పొరపాటున అసలు తూటా వెలువడినా దాన్ని ఆపగలిగే వస్తువు ఉండాలి. ఇసుక నింపిన మందపాటి పెట్టె, కాంక్రీటు గోడ, వెనక మట్టి ఉన్న గోడ. విజయవాడ అపార్టుమెంట్లలో గదుల మధ్య ఉండే పలుచని గోడలను, ఫ్లష్ డోర్లను, కిటికీ అద్దాలను నమ్మకండి. అమెరికాలో పిల్లలు ఉండే ఇళ్ళ లోపలి గోడలు జిప్సమ్ అట్టలే. పిస్టల్ తూటా వాటిలో రెండు మూడింటిని సులువుగా దాటిపోతుంది. పది పదిహేను నిమిషాలు చాలు, అంతకుమించితే మనసు నిలవదు. ఫోన్ మోగితే తుపాకి దించి, తిరిగి వచ్చాక ఖాళీయో కాదో మొదటినుంచి చూసుకోండి.

ఇదంతా చేసినవారు కూడా పొరబడేచోటు ఒకటుంది. సాధన ముగిసింది. తూటాలు మళ్ళీ నింపాడు. బీరువాలో పెట్టబోతూ, "చివరిది సరిగా రాలేదు, ఇంకొక్కసారి" అనుకున్నాడు. ఇందాకటినుంచి యాభైసార్లు టిక్కుమన్న అదే గోడకు గురిపెట్టాడు. యాభైఒకటోసారి టిక్కుమనలేదు. అలవాటుపడిన చేతికి ఖాళీకి, నిండుకు తేడా తెలియదు. అందుకే అనుభవజ్ఞులు ముగించేటప్పుడు పైకి బిగ్గరగా "సాధన అయిపోయింది" అని అంటారు, గురి కాగితం గోడమీదనుంచి తీసేస్తారు, వెంటనే తూటాలు నింపకుండా గంటసేపు వేరే పని చూసుకుంటారు. పిచ్చిచేష్టలా కనిపిస్తుంది. ఆపరేషను ముగించి పొట్ట కుట్టేముందు మా థియేటరులో నర్సు గుడ్డముక్కలను బిగ్గరగా లెక్కపెట్టేది. మాకూ అది మొదట్లో పిచ్చిచేష్టలాగే ఉండేది.

మందు తాగినవాడు, నిద్రమాత్ర మింగినవాడు ఆ పూట తుపాకి ముట్టకూడదని వేరే చెప్పనవసరం లేదు. చెప్పవలసినది ఇంకొకటి ఉంది, ఇళ్ళలో దాన్ని ఎవరూ మాట్లాడరు. ఇంట్లో ఎవరైనా దిగులులో, అప్పుల్లో, పరీక్ష తప్పిన బాధలో, మతిమరుపు వ్యాధిలో ఉంటే ఆ కాలమంతా ఆయుధం ఇంట్లో ఉండనే కూడదు. చావాలనే ఆవేశం చాలామందిలో కొద్దిసేపే బలంగా ఉంటుంది. పురుగులమందు తాగినవారిని, మా అదృష్టం బాగుంటే, పొట్ట కడిగి బతికించుకున్నాం. తుపాకి ఆ అవకాశం ఇవ్వదు. ఆ పరిస్థితి ఉన్న ఇంటివారు లైసెన్సుదారు చేత ఆయుధాన్ని పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని డిపాజిట్ చేయించండి. ఎన్నికలు వచ్చినప్పుడల్లా చేస్తున్నదే కదా. పార్టీల కోసం చేసినది కన్నబిడ్డ కోసం చేయలేమా? ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఇరవైనాలుగు గంటలూ పలుకుతుంది.

చట్టం ఏమీ లేక కాదు. 2016 ఆయుధ నియమాలు లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణను విధించాయి. నిర్లక్ష్యంగా తుపాకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని 2019 సవరణ చెబుతోంది. నిర్లక్ష్యంతో మరణానికి కారకుడైతే ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద అయిదేళ్ళ దాకా శిక్ష ఉంది. కాని ప్రథమ సమాచార నివేదికలోనే 'మిస్‌ఫైర్' అని రాసుకుంటే నిర్లక్ష్యం ఎక్కడ మిగులుతుంది? యంత్రం తప్పు చేసింది, యంత్రానికి శిక్ష లేదు, ఫైలు మూసేయవచ్చు.

బ్యాంకు గార్డులు, డబ్బు తరలించే వ్యాన్ల మీద కూర్చునేవారు, సెంట్రీ డ్యూటీ కానిస్టేబుళ్ళు ఈ మాట వల్ల అందరికంటె ఎక్కువ నష్టపోతున్నారు. డ్యూటీ మారేటప్పుడు తుపాకి ఖాళీ చేయడానికి ఇసుక నింపిన ఒక పీపా చాలు. గొట్టాన్ని అందులోకి పెట్టి ఖాళీ చేస్తే పొరపాటు జరిగినా ఇసుకలో పోతుంది. పాత డీజిలు పీపా, రెండు బస్తాల కృష్ణా ఇసుక. దానికి ఖర్చెంత? 'మిస్‌ఫైర్' అని రాయడానికి ఖర్చు లేదు గనుక పీపాకు డబ్బు మంజూరు కాదు. పాత్రికేయ మిత్రులకు నా విన్నపం. నిజం తెలిసేదాకా "తుపాకి కాల్పులో మృతి" అని రాయండి, చాలు. కాల్చినదెవరని రేపు పాఠకుడే అడుగుతాడు.

ఒకవేళ జరిగితే? ముందు తుపాకిని దూరంగా, గొట్టం మనుషులకు ఎదురుగా లేకుండా పెట్టండి. 108కి ఫోన్ చేయండి. గాయం చేతికో కాలికో అయితే శుభ్రమైన గుడ్డను రక్తం వస్తున్నచోట గట్టిగా అదిమి పట్టండి, చూడాలని మాటిమాటికీ తీయవద్దు. తూటాను తీయడానికి ప్రయత్నించవద్దు. తాగడానికి నీళ్ళు, కాఫీ ఇవ్వవద్దు. పొట్టకో ఛాతీకో తగిలితే బయట రక్తం లేదని ధైర్యపడవద్దు. ఆ గుమస్తా కుర్రవాడి చొక్కా మీద పావలా బిళ్ళంత మరకే ఉంది.

ఇవన్నీ ఉయ్యూరు పెద్దాయనకు ఫోన్‌లో చెప్పాను. కాగితం మీద రాసుకున్నారు. అబ్బాయికి చదివి వినిపిస్తానన్నారు, టీవీ బదులు ఇసుక పెట్టె, ఫోన్ మాట్లాడేటప్పుడు తుపాకి తాళంలో. అంతా అయ్యాక ఫోన్ పెట్టబోతూ, "మా నాన్నగారు కొల్లేటి బాతుల వేటకు కొన్న జోడుగొట్టాల తుపాకి మా ఇంట్లో కూడా ఒకటుందండీ, లైసెన్సు నా పేర మార్పించాను" అన్నారు.

"ఎక్కడుంది?"

"బీరువాలో. మొన్న ఎన్నికలప్పుడు స్టేషన్‌లో ఇచ్చి తెచ్చుకున్నాను."

"తూటాలు?"

"అవీ ఆ అరలోనే."

"తుపాకి ఖాళీగానే ఉందా?"

కొంచెంసేపు అవతలినుంచి మాట రాలేదు. "ఖాళీగానే ఉండాలండీ" అన్నారు.

మరుసటి ఉదయం ఆయనే మళ్ళీ ఫోన్ చేశారు. రాత్రే భార్య దీపం పట్టుకుంటే, తాను పెరట్లో గొట్టాలను నేలవైపు ఉంచి మడిచి చూశారట. రెండూ ఖాళీయే. తూటాల డబ్బా ఇప్పుడు ధాన్యం కొట్టులోని పాత ట్రంకు పెట్టెలో ఉంది. తాళంచెవి ఆవిడ దగ్గర ఉంది.